మీ ఆటకు సరిపోయే చెస్ ఓపెనింగ్‌ను పదిహేనో ఎత్తు నుంచి ఎంచుకోవడం

రెండేళ్ల పాటు నల్లపావులతో సిసిలియన్ డ్రాగన్ అనే ఓపెనింగ్ (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరస) తప్ప ఇంకేమీ ఆడలేదు నేను. జీ7 గడి మీద కూర్చున్న బిషప్ బోర్డు ఈ మూల నుంచి ఆ మూల దాకా ఐమూలగా చూస్తుంటే ఒళ్లు పులకరించేది. ఇద్దరు రాజులూ చెరో పక్క ఉంటారు, ఎవరి దాడి ముందు చేరితే వాళ్లది గెలుపు. పెద్ద ఆటగాళ్ల ఆటల్లో అది చూసి ‘నా స్టైల్ ఇదే’ అనుకున్నాను. ఫలితాలు మాత్రం రాలేదు.

ఒక రోజు ఓడిన ఆటలన్నీ వరసగా తెరిచి కూర్చున్నాను. దాదాపు అన్నింట్లో ఒకటే జరిగింది. తెల్లవాడు హెచ్ నిలువు వరసలోని బంటును ముందుకు తోస్తాడు, నా రాజు ముందు దారి తెరుచుకుంటుంది, పదిహేను పదహారు ఎత్తుల దగ్గర ఏం ఆడాలో తోచక గడియారంలో సగం టైమ్ పోగొట్టుకుంటాను. గెలిచిన ఆటలు తెరిస్తే వాటిలో క్వీన్లు ఎప్పుడో మార్పిడి అయిపోయాయి. ఒక్క బంటు ఎక్కువ ఉంటే చాలు, దాన్ని నింపాదిగా నెట్టుకుంటూ పోయి గెలిచాను. అంటే నాకు నచ్చిన ఆట ఒకటి, నాకు వచ్చిన ఆట మరొకటి.

అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. ఓపెనింగ్‌ను మొదటి ఎత్తు చూసి ఎంచుకోవద్దు, అది మిమ్మల్ని పదిహేనో ఎత్తుకు ఎక్కడ దింపుతుందో చూసి ఎంచుకోండి. థియరీ, అంటే ముందే చదువుకున్న ఎత్తులు, అయిపోయాక మీరు ఒంటరిగా ఆలోచించాల్సింది అక్కడే. ఆ ఎంపిక ఎలా చేయాలో ఒక్కో అడుగుగా చెబుతాను.

మొదటి అడుగు: మీ చివరి ముప్పై ఆటలు తెరవండి

ఒకటి, రెండు నిమిషాల బుల్లెట్ ఆటలు వదిలేయండి. కనీసం పది నిమిషాలవి తీసుకోండి, అంతకంటే ఎక్కువ టైమ్ ఉన్నవి దొరికితే ఇంకా మంచిది. గెలిచినవి, ఓడినవి రెండూ ఉండాలి. ఓడినవే చూస్తే మీ తప్పులు తెలుస్తాయి గానీ మీ బలం తెలియదు.

నోట్‌బుక్‌లో ఒక్కో ఆటకు ఒక్కో వరస కేటాయించండి. పదిహేనో ఎత్తు దగ్గర ఆగి నాలుగు విషయాలు రాయండి. బోర్డు మధ్యలో బంట్లు తెరుచుకున్నాయా, ఒకదానికొకటి అడ్డుపడి మూసుకుపోయాయా? క్వీన్లు ఉన్నాయా? ఇద్దరు రాజులూ ఒకే పక్క ఉన్నారా, చెరో పక్కనా? ఆ క్షణంలో మీ మనసులో ఒక ప్లాన్ ఉందా, లేక ఊరికే ఏదో ఒక పావును కదిపారా? ఈ నాలుగోదానికి నిజాయితీగా జవాబు రాయడం కష్టం. ఇంజిన్‌ను (ఎత్తులు లెక్కించి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను) మాత్రం ఇంకా ఆన్ చేయకండి. ఆన్ చేస్తే ‘నాకు ఇదే తోచింది’ అని మన మనసు మనల్నే నమ్మిస్తుంది.

చివరి కాలమ్‌లో గడియారం సంగతి రాయండి. ఆన్‌లైన్ ఆటల్లో ప్రతి ఎత్తుకు ఎన్ని సెకన్లు పట్టిందో కనిపిస్తుంది. ఎక్కడ రెండు మూడు నిమిషాలు ఆగిపోయారో అక్కడ గీత గీయండి. మనిషి ఎక్కువ సేపు ఆగేది తనకు పరిచయం లేని పొజిషన్‌లోనే.

ముప్పై వరసలు పూర్తయ్యాక పైనుంచి కిందికి చదివితే ఒక పోలిక బయటపడుతుంది. మూసుకుపోయిన మధ్యభాగంలో ఎక్కువ గెలిచి ఉంటారు, లేదా క్వీన్లు ఉన్నంతసేపూ బాగా ఆడి ఎండ్‌గేమ్‌లో, అంటే పావులు తగ్గిపోయిన చివరి దశలో, జారిపోయి ఉంటారు. దాన్ని ఒకే వాక్యంలో రాసుకోండి. ఇక మీదట ప్రతి నిర్ణయం ఆ వాక్యం నుంచే వస్తుంది.

రెండో అడుగు: స్టైల్‌ను, బలహీనతను విడదీయండి

ఆ ముప్పైలో సగానికి పైగా ఆటలు పావును ఉత్తినే ఇచ్చేసుకోవడం వల్లో, రెండు ఎత్తుల ఫోర్క్ (ఒకే పావు రెండింటి మీద ఒకేసారి దాడి చేయడం) చూడకపోవడం వల్లో పోయి ఉంటే, స్టైల్ గురించి ఇప్పుడే ఆలోచించకండి. ఆ దశలో ఎవరికీ స్టైల్ ఉండదు, అలవాట్లే ఉంటాయి. తెల్లపావులతో ఇటాలియన్ ఆడండి (గడి పేరులో అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస; పావు పేరు లేకపోతే కదిలేది బంటు): 1. ఈ4 ఈ5 2. గుర్రం ఎఫ్3 గుర్రం సీ6 3. బిషప్ సీ4. నల్లపావులతో ఈ4కు ఈ5, డీ4కు డీ5. పావులు త్వరగా బయటికొస్తాయి, దారులు తెరుచుకుంటాయి, టాక్టిక్స్ (రెండు మూడు ఎత్తుల్లో పావు గెలిచే ఎత్తుగడలు) రోజూ ఎదురవుతాయి. కొన్ని నెలలు ఇలా ఆడి ఈ వ్యాసానికి తిరిగి వచ్చినా నష్టం లేదు.

ఇంకొకటి. ‘నాకు దాడి చేయడం రాదు, అందుకే అంతా మూసేసే ఓపెనింగ్ ఆడతాను’ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. అది స్టైల్‌ను బట్టి చేసిన ఎంపిక కాదు, భయపడి చేసింది. టోర్నమెంట్ దగ్గర్లో ఉంటే బలాన్ని బట్టి ఓపెనింగ్ ఎంచుకోండి. ముందు ఆరు నెలలు ఖాళీ ఉంటే బలహీనతను ఎదుర్కొనేలా ఎంచుకోండి. ఈ రెండు కాలాల్లో దేనిలో ఉన్నారో ముందే తేల్చుకోవాలి.

మూడో అడుగు: ఓపెనింగ్ పేరు వెనక ఉన్న బంట్ల నిర్మాణం చూడండి

ఇక్కడ తొందరపడొద్దు. గుర్రాలు, బిషప్‌లు వెనక్కి రాగలవు. బంటు రాలేదు. అందుకే పదిహేనో ఎత్తుకు పావులు ఎక్కడెక్కడ తిరుగుతున్నా, బంట్లు మాత్రం ఓపెనింగ్ పెట్టిన చోటే దాదాపు ఉంటాయి. మీ ప్లాన్ ఏమిటో అవే చెబుతాయి.

ఫ్రెంచ్ డిఫెన్స్‌ను దగ్గరగా చూద్దాం. బోర్డు ముందు పెట్టుకుని ఆడుతూ చదవండి. 1. ఈ4 ఈ6 2. డీ4 డీ5 3. ఈ5 సీ5 4. సీ3 గుర్రం సీ6 5. గుర్రం ఎఫ్3 క్వీన్ బీ6. నల్లపావులు ఏం చేస్తున్నాయో గమనించండి. సీ5 బంటు, సీ6 గుర్రం, దాని వెనక బీ6 క్వీన్, అన్నీ ఒక్క డీ4 గడి మీదే పడుతున్నాయి. తర్వాత రెండో గుర్రం కూడా ఎఫ్5కు చేరి అక్కడికే గురి పెడుతుంది. తెల్లవాడికి రాజు పక్కన చోటు ఎక్కువ. నల్లవాడికి సీ8 బిషప్ తన ఈ6 బంటు వెనకే చిక్కుకుపోయింది. ఆట అంతా ఈ రెండు విషయాల మధ్యే నడుస్తుంది.

ఇప్పుడు తెల్లవాడు 6. బిషప్ డీ3 ఆడాడనుకోండి. 6... (చుక్కలుంటే అది నల్లవాడి ఎత్తు) సీ బంటుతో డీ4 తినడం, 7. సీ బంటుతో తిరిగి తినడం. డీ4 బంటును కాస్తున్న క్వీన్‌కు డీ3 బిషప్ అడ్డు వచ్చింది కాబట్టి ఆ బంటు ఉచితంగా దొరికినట్టే ఉంటుంది. 7... గుర్రంతో తింటారు, 8. గుర్రంతో గుర్రాన్ని తింటాడు, 8... క్వీన్‌తో తింటారు. వెంటనే 9. బిషప్ బీ5 చెక్! బిషప్ పక్కకు తప్పుకోగానే డీ1లోని క్వీన్ నేరుగా డీ4లోని మీ క్వీన్‌ను చూస్తుంది. మీరు చెక్ తప్పించుకునే లోపు మీ క్వీన్ పోతుంది. ఏడో ఎత్తులో ముందు బిషప్ డీ7 ఆడి ఉంటే బీ5 మీద చెక్ ఉండేది కాదు, డీ4 మీద బెదిరింపు నిజమయ్యేది.

ఈ ఒక్క పొజిషన్‌లో అరగంట గడపండి. ఇరుకులో ఉండి ఒకే గడి మీద ఒత్తిడి పెంచుతూ పోవడం మీకు ఉత్సాహంగా అనిపించిందా, సీ8 బిషప్‌ను చూస్తే ఊపిరాడనట్టు ఉందా? ఆ జవాబే ఫ్రెంచ్ మీదో కాదో చెబుతుంది. ఏ క్విజ్ కన్నా ఇది నమ్మదగ్గ పరీక్ష.

ఇదే పద్ధతిలో మరో రెండు నిర్మాణాలు చూడండి. క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్‌లో తెల్లవాడు సీ4 బంటుతో డీ5ను తిని, నల్లవాడు ఈ6 బంటుతో తిరిగి తింటే వచ్చే దాన్ని కార్ల్స్‌బాడ్ నిర్మాణం అంటారు. అక్కడ తెల్లవాడు ఏ, బీ ఫైళ్లలో (నిలువు వరసల్లో) ఉన్న రెండు బంట్లతో, ఎదురుగా ఉన్న మూడు బంట్ల మీదికి వెళ్తాడు. బీ4, బీ5 ఆడి సీ6 దగ్గర మార్పిడి చేస్తే అక్కడ మిగిలే బంటు చివరిదాకా భారమే. నెమ్మదైన పని, పది ఎత్తులు పట్టొచ్చు. కింగ్స్ ఇండియన్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. తెల్లవాడు డీ5 తోసి మధ్యభాగాన్ని మూసేస్తాడు. ఇక నల్లవాడు ఎఫ్5, ఎఫ్4, జీ5 అంటూ రాజు మీదికి పరిగెడతాడు, తెల్లవాడు సీ5 అంటూ అవతలి పక్క చొరబడతాడు. ఒక్క ఎత్తు ఆలస్యమైనా అటో ఇటో తేలిపోతుంది.

పావులు కదపకముందే ఈ తేడా మీ ఒంటికి తెలియాలి.

నాలుగో అడుగు: మీ వాక్యానికి ఓపెనింగ్‌ను జత చేయండి

మొదటి అడుగులో రాసుకున్న వాక్యం తీయండి.

దారులు తెరుచుకుని పావులన్నీ ఒకదానిమీద ఒకటి పడుతున్నప్పుడే మీరు బాగా ఆడుతుంటే తెల్లపావులతో ఈ4 మీది. ఇటాలియన్, మూడో ఎత్తులోనే డీ4 ఆడే స్కాచ్, గుర్రం సీ3తో మొదలై ఎఫ్4 తెచ్చే వియన్నా, ఇవన్నీ త్వరగా ఘర్షణకు దింపుతాయి. గాంబిట్‌లు, అంటే ఒక బంటును వదులుకుని వేగం సంపాదించేవి, కూడా మంచివే: ఎవాన్స్ గాంబిట్, సిసిలియన్ మీద స్మిత్-మోర్రా గాంబిట్. బ్లిట్జ్‌లో (కొద్ది నిమిషాల ఆటలో) వాటి దెబ్బ బాగా తగులుతుంది. గంటన్నర ఆటలో మాత్రం ప్రత్యర్థి తీరిగ్గా ఆలోచించి ఒక బంటు ఎక్కువ ఉంచుకుని నిలబడగలడు, ఆ సంగతి తెలిసే ఆడండి. నల్లపావులతో అయితే సిసిలియన్ (ఈ4కు సీ5). అందులో నైడార్ఫ్, డ్రాగన్ లాంటివి అడిగే చదువు చాలా ఎక్కువ. రోజుకు గంట కేటాయించలేకపోతే వాటి జోలికి వెళ్లొద్దని నా గట్టి సలహా. అక్కడ ఒక్క ఎత్తు మరిచిపోతే సర్దుకునే అవకాశం తక్కువ.

ప్రత్యర్థి పావులకు మెల్లమెల్లగా చోటు లేకుండా చేయడంలో మీకు ఆనందం ఉంటే డీ4, వెనకే సీ4. కార్ల్స్‌బాడ్ గురించి చదివినప్పుడు మీకు విసుగు రాకపోతే మీరు ఈ గుంపే. క్వీన్లు మారిపోయాక కూడా ఆట సాగించే ఓపిక ఉండాలి.

ఎదుటివాడు ముందుకొస్తే ఆ ముందుకొచ్చినదాన్నే కొట్టడం మీకు ఇష్టమైతే ఫ్రెంచ్, కింగ్స్ ఇండియన్, గ్రున్‌ఫెల్డ్. వీటిలో కొంతసేపు వెనకబడినట్టు కనిపించడాన్ని టెన్షన్ లేకుండా భరించాలి. ఇంజిన్ తెల్లవాడికి అర బంటు మెరుగు చూపించినా కంగారు పడకూడదు. గ్రాండ్‌మాస్టర్లకు ఆ అర బంటు ప్రాణం. మన స్థాయిలో పొజిషన్ అర్థమైనవాడే గెలుస్తాడు.

చదవడానికి టైమ్ లేదు, గట్టిగా నిలబడి ఆడగలను అంటే తెల్లపావులతో లండన్ అనే ఓపెనింగ్, నల్లపావులతో కారో-కాన్ (ఈ4కు సీ6). లండన్‌లో డీ4, బిషప్ ఎఫ్4, ఈ3, సీ3, రెండు గుర్రాలూ బయటికి. చాలావరకు ఇదే వరస. అయితే ఏమీ చూడకుండా ఆడొచ్చనుకోవడం పొరపాటు. నల్లవాడు త్వరగా సీ5 ఆడి క్వీన్‌ను బీ6కు తెస్తే బీ2 బంటు మీద దాడి పడుతుంది, దానికి జవాబు ముందే తెలిసి ఉండాలి. క్వీన్‌ను బీ3కి తెచ్చి ఎదురు నిలవడం ఒక మంచి దారి.

ప్రత్యర్థి బలం పనికిరాని చోటుకు ఆటను తీసుకెళ్లడం ఎంత పెద్ద ఆయుధమో 2000లో లండన్ నగరంలో జరిగిన ప్రపంచ టైటిల్ మ్యాచ్ చూపించింది. క్వీన్లు బోర్డు మీద ఉండి ఆట పదునెక్కితే అప్పటి ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఆపడం కష్టం. ప్రత్యర్థి క్రామ్నిక్ నల్లపావులతో బెర్లిన్ డిఫెన్స్ ఆడాడు. అందులో ఎనిమిదో ఎత్తుకే క్వీన్లు మారిపోతాయి, నల్ల రాజు క్యాస్లింగ్ (ఏనుగుతో కలిసి ఒకే ఎత్తులో మూలకు వెళ్లడం) హక్కు కోల్పోయి డీ8లో నిలబడతాడు. చూడటానికి బాగోదు, పగలగొట్టడం మాత్రం చాలా కష్టం. కాస్పరోవ్ ఆ మ్యాచ్‌లో ఒక్క ఆట కూడా గెలవలేకపోయాడు, 8.5–6.5తో టైటిల్ చేయి మారింది. ఎనిమిదేళ్ల తర్వాత బాన్‌లో ఇదే క్రామ్నిక్‌ను ఆనంద్ అటువైపు నుంచి కొట్టాడు. సెమీ-స్లావ్ అనే ఓపెనింగ్‌లో అతి పదునైన మెరాన్ లైన్ తెచ్చి, మూడో ఆట, ఐదో ఆట నల్లపావులతోనే గెలిచాడు. వాళ్లు ఒకే ప్రత్యర్థి కోసం నెలలు సిద్ధమవుతారు. మనకు ఎదురుగా ఎవరు కూర్చుంటారో తెలియదు కాబట్టి మన బలం చూసుకుని ఎంచుకోవాలి.

ఐదో అడుగు: మూడు ఓపెనింగ్‌లు, ఒకే కుటుంబం

తెల్లపావులకు ఒకటి, ఈ4కు ఒకటి, డీ4కు ఒకటి. మొదటి ఏడాది ఇంతకు మించి వద్దు. ఈ మూడూ ఒకదానికొకటి చుట్టాలైతే చదివింది మూడు చోట్లా పనికొస్తుంది. కారో-కాన్ ఆడేవాళ్లు డీ4కు స్లావ్ తీసుకుంటే సీ6, డీ5 బంట్లు రెండింట్లోనూ అవే. ఈ6 ఆడే ముందే బిషప్‌ను ఎఫ్5కు తేవాలన్న ఆలోచన కూడా అదే. చిన్న తేడా ఒకటుంది. స్లావ్‌లో బిషప్ తొందరగా బయటికొస్తే బీ7 బంటు కాపలా లేకుండా పోయి, తెల్ల క్వీన్ బీ3కి వచ్చి ఇబ్బంది పెడుతుంది. అందుకే ముందు సీ4 బంటును తిని, తెల్లవాడు ఏ4 ఆడాక బిషప్‌ను బయటికి తెస్తారు. తెల్లపావులతో లండన్ ఆడితే సీ3, డీ4, ఈ3 బంట్లు అద్దంలో చూసినట్టు అదే ఆకారం. ఫ్రెంచ్ ఆడేవాళ్లకు క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్, డ్రాగన్ ఆడేవాళ్లకు కింగ్స్ ఇండియన్ దగ్గరి బంధువులు.

సీ4తోనో గుర్రం ఎఫ్3తోనో మొదలుపెట్టేవాళ్లు ఎదురైతే, డీ4 మీద ఆడే ఏర్పాటునే పెట్టండి. విడిగా చదవక్కర్లేదు.

ఆరో అడుగు: ఎత్తు కాదు, కారణం రాసుకోండి

ఒక్కో ఓపెనింగ్‌కు ఒకే కాగితం. పైన ఆరేడు ఎత్తుల వరస, పక్కనే ఒక్కో ఎత్తుకు కారణం. మధ్యలో బంట్ల బొమ్మ. కింద మీ ప్లాన్, ఎదుటివాడి ప్లాన్, ఎక్కువగా పడే ఒకటి రెండు ఉచ్చులు. కారణం రాయలేని ఎత్తు మీకు ఇంకా రానట్టే.

ఎందుకంటారా, కారో-కాన్‌లోనే చూడండి. 1. ఈ4 సీ6 2. డీ4 డీ5 3. గుర్రం సీ3, నల్లవాడు ఈ4ను తింటాడు, 4. గుర్రంతో తిరిగి తింటాడు. 4... గుర్రం డీ7, తర్వాత రెండో గుర్రాన్ని ఎఫ్6కు తేవాలి. వరస మాత్రమే నేర్చుకున్నవాళ్లు తెల్లవాడు 5. క్వీన్ ఈ2 ఆడినా పట్టించుకోకుండా 5... గుర్రం ఎఫ్6 ఆడేస్తారు. 6. గుర్రం డీ6, మేట్. ఈ7 బంటు తినాలంటే ఈ2 క్వీన్ నేరుగా రాజును చూస్తోంది, కదలడానికి లేదు. రాజు చుట్టూ తన పావులే నిండిపోయాయి. ఆరు ఎత్తుల్లో ఆట ముగిసింది. ‘క్వీన్ ఈ ఫైల్‌లోకి వచ్చింది, ఎందుకు?’ అని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.

కాగితం సిద్ధమయ్యాక ఆ ఓపెనింగ్‌ను బాగా ఆడే ఒక పెద్ద ఆటగాడి ఆటలు పది తీసుకుని చివరిదాకా చూడండి. చివరిదాకా అనేది ముఖ్యం, ఎందుకంటే ఎండ్‌గేమ్‌లో కూడా ఓపెనింగ్ బంట్లే మిగులుతాయి. లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్, స్టడీ రెండూ ఉచితం. కాగితం బదులు స్టడీలో రాసుకున్నా ఫర్వాలేదు, నాకు మాత్రం చేత్తో రాస్తేనే గుర్తుంటుంది.

ఏడో అడుగు: ముప్పై ఆటలు మార్చకుండా ఆడండి

కొత్త ఓపెనింగ్‌తో మొదట్లో రేటింగ్ తగ్గడం మామూలే. మూడు ఆటలు వరసగా పోగానే ఇంకో ఓపెనింగ్ వీడియో తెరవాలనిపిస్తుంది. తెరవకండి. ప్రతి ఆట తర్వాత ఐదు నిమిషాలు కేటాయించి, మీ కాగితం నుంచి ఆట ఎక్కడ పక్కకు వెళ్లిందో వెతకండి. ముందు తప్పుకున్నది మీరైతే కాగితం మళ్లీ చదవాలి. ఎదుటివాడైతే ఆ ఎత్తును, దానికి ఇంజిన్ చెప్పిన జవాబును, ఆ జవాబు ఎందుకు మంచిదో మీ మాటల్లో, కాగితం మీద చేర్చండి. అలా మీ ఓపెనింగ్ మీ ఆటల్లోంచే పెరుగుతుంది.

ముప్పై పూర్తయ్యాక మొదటి అడుగులో వేసిన పట్టికే మళ్లీ వేయండి. ఈసారి గెలుపోటముల కన్నా నాలుగో కాలమ్ చూడండి. పదిహేనో ఎత్తు దగ్గర ‘ప్లాన్ ఉంది’ అని రాసిన ఆటలు పెరిగితే, స్కోరు ఇంకా రాకపోయినా ఆ ఓపెనింగ్‌తోనే ఉండండి. పెరగకపోతే, అందులో ఏ నిర్మాణంలో ఆగిపోతున్నారో చూసి ఆ ఒక్క ఓపెనింగ్‌నే మార్చండి, మిగతా రెండూ అలాగే ఉంచండి. కారో-కాన్‌కు మారాక నా నోట్‌బుక్‌లో ముప్పైలో ఇరవై ఒక్క చోట్ల ‘ప్లాన్ ఉంది’ అని వచ్చింది. డ్రాగన్ రోజుల పట్టికలో అవి తొమ్మిదే.